అయిదడుగుల పైన చెమ్మ

మా స్నానాల గదికి తలుపు లేక పదకొండు వారాలైంది. పాత తలుపు అడుగున పుచ్చిపోయింది. కొత్తది నేనే చేస్తానని పలకలు తెచ్చాను. ఆ పలకల మీద ప్రస్తుతం మా గ్యాస్ పొయ్యి ఉంది. వంటింటి గట్టు పూర్తయితే తప్ప పొయ్యి కదలదు, నీళ్ల గొట్టం మారిస్తే తప్ప గట్టు కట్టడం కుదరదు, గొట్టం మార్చాలంటే స్నానాల గది గచ్చు పగలగొట్టాలి. అందువల్ల తలుపు ఉండవలసిన చోట ఒక దుప్పటి వేలాడుతోంది. లోపల మనిషి ఉన్నదీ లేనిదీ దుప్పటి చెప్పదు కాబట్టి, ఉన్నవాళ్లు పైకి వినపడేలా ఎక్కాలు చదవాలని నియమం పెట్టుకున్నాం. నా భార్య పదిహేడో ఎక్కం దాకా వచ్చింది.

"ఈ ఇల్లు పూర్తయ్యేలోపు నాకు లెక్కల్లో పట్టా ఇస్తారేమో మీ కాలేజీలో కనుక్కోండి," అంది ఒకరోజు దుప్పటి వెనక నుంచి.

ఆ కాలేజీలో నేను ముప్పై నాలుగేళ్లు భౌతికశాస్త్ర ప్రయోగశాల నడిపాను. తను ఒక కర్మాగారంలో సామాన్ల గిడ్డంగి చూసేది. పదకొండు వేల వస్తువుల్లో ఏది ఏ అరలో ఉందో చీకట్లో కూడా చెప్పగలిగిన మనిషి, ఇప్పుడు తన ఇంట్లో గరిటె కోసం మేకుల డబ్బా వెతుక్కుంటోంది. ఉంటున్న ఇంటినే బాగుచేసుకోవచ్చని పుస్తకాలు రాసేవాళ్లెవరూ ఆ సమయంలో ఆ ఇంట్లో ఉండరని నా గట్టి అనుమానం. మూత బిగించిన చక్కెర డబ్బాలోకి సిమెంటు ధూళి ఎలా చేరుతుందో నేను వివరించలేను. చేరుతుందని మాత్రం రుజువు చేయగలను, రోజూ రెండు పూటలా టీ తాగుతున్నాను కాబట్టి.

ఈ అవస్థంతా మా అక్కయ్య కోసం మొదలైంది.

అక్కయ్య నాకంటే తొమ్మిదేళ్లు పెద్దది. పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా పదవీ విరమణ చేసింది. పెళ్లి చేసుకోలేదు; నన్ను చదివించింది. ఇప్పుడు ఆమె ఊపిరితిత్తులు మొరాయిస్తున్నాయి. మూడో అంతస్తులో, లిఫ్టు లేని వాటాలో ఉంటోంది. ఈ సంవత్సరం రెండుసార్లు ఆ మెట్ల మధ్యలోనే కూలబడి ఆసుపత్రికి వెళ్లింది. మెట్లు కూడదు, చెమ్మ కూడదు, దుమ్ము కూడదు అన్నాడు డాక్టరు. విశ్రాంత నర్సుల వసతిగృహంలో ఆమె కోసం ఆరు నెలలుగా ఒక మంచం అట్టే పెట్టారు. నెలాఖరు లోపల వస్తాననో రాననో చెప్పాలి. వద్దంటే మళ్లీ వరస రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది.

"అక్కడ లేవడానికి గంట, తినడానికి గంట, పడుకోవడానికి గంట," అంది నాతో. "ముప్పై అయిదేళ్లు నేను కొట్టానురా గంటలు. ఇప్పుడు ఇంకొకళ్లు కొడితే లేవాలా? నీ ఇంట్లో కింద గది ఉంటే చెప్పు, వచ్చేస్తాను."

ఉందన్నాను. అప్పటికి లేదు, ఆమె కోసమే ఈ పాత ఇల్లు కొన్నాం. కింద వీధి వైపు ముందు గది, పెరటి వైపు వెనక గది, పక్కన వంటిల్లు, స్నానాల గది. పైన ఒక గది. దానికి నిచ్చెనలాంటి నిటారు మెట్లు. పెరటి వైపు రెండు కిటికీలు, మంచి వెలుతురు ఉన్నందున వెనక గదిని అక్కయ్యకి కేటాయించాను. నలభై ఒక్క పనుల పట్టిక తయారుచేసి గోడకి అంటించాను. అందులో ముందు గది చిట్టచివర ఉంది. అంతవరకు మా మంచం, పొయ్యి, బట్టల బీరువా, నా పనిముట్లు, సిమెంటు బస్తాలు అన్నీ దాంట్లోనే కాపురం.

వెనక గది గోడలకి అడుగున మూడడుగుల మేర పాత సున్నపు పూత పెచ్చులు ఊడి, పొడిపొడిగా రాలుతోంది. సలహా కోసం ఒక తాపీమేస్త్రిని పిలిచాను. అరవై దాటిన మనిషి. గోడ మీద అరచెయ్యి ఆనించి, వేలితో రెండుచోట్ల తట్టి, "ఇది సున్నం ఇల్లు మాస్టారూ. మళ్లీ సున్నమే పుయ్యాలి. సిమెంట్ పెట్టకండి," అన్నాడు.

"ఎందుకు?"

"పెట్టకూడదండి, అంతే."

"అంతే అంటే ఎలా? కారణం చెప్పాలి కదా."

ఆయన తల గోక్కున్నాడు. "మా నాన్న పెట్టేవాడు కాదండి."

"మీ నాన్నగారు ఎందుకు పెట్టేవారు కాదు?"

"వాళ్ల నాన్న పెట్టనిచ్చేవాడు కాదేమో!"

"ఇది కారణం కాదు మేస్త్రీ, వంశవృక్షం."

ఆయన హాయిగా నవ్వాడు. "మీరు చదువుకున్నవాళ్లు. మీ ఇల్లు, మీ ఇష్టం. నేనైతే ఈ గోడకి సిమెంట్ పెట్టను. పెట్టాల్సిందే అంటే ఇంకొకళ్లని చూసుకోండి."

ఇంకొకళ్లని ఎందుకు చూసుకోవాలి? నాకు చేతులున్నాయి. ఒక మాటను ఎవరన్నారన్నది ఆ మాటకి సాక్ష్యం కాదని ముప్పై నాలుగేళ్లు విద్యార్థులకి నూరిపోసినవాణ్ణి. తాతలు చేశారు కాబట్టి చెయ్యమనేవాళ్లని ఎన్నో సభల్లో ఎదుర్కొన్నవాణ్ణి. నా ఇంటి గోడ దగ్గర లొంగిపోతానా? అయిదడుగుల ఎత్తు వరకు సున్నం మొత్తం చెక్కేశాను. నీటిని ఆపే పొడి కలిపి సిమెంటు పూత వేశాను. అంగుళంలో ఎనిమిదో వంతు కూడా తేడా రాలేదు. వారం రోజులు నీళ్లు కొట్టాను. ఆరాక ఆ గోడని చూస్తే నున్నగా, బూడిదరంగులో, ఒక శుద్ధమైన ఆలోచనలా ఉంది.

"ఎలా ఉంది?" అన్నాను భార్యతో.

"బాగానే ఉంది. గరిటె కనిపించిందా?"

అయిదు వారాల తర్వాత, నెలాఖరుకి పంతొమ్మిది రోజులుండగా, వెనక గది కిటికీ పక్కన ఒక మరక కనిపించింది. అరచేతి వెడల్పు. మర్నాటికి గోడ పొడుగునా సాగింది. నన్ను విస్మయపరచినది దాని స్థానం. నేను పూసిన అయిదడుగులూ పొడిగా, నిక్షేపంగా ఉన్నాయి. మరక దాని పైన, నేను ముట్టుకోని పాత సున్నం మీద, ఏనాడూ తడి ఎరగని ఎత్తులో ఉంది. పూత పొంగింది. తెల్లటి ఉప్పు పొడి నూగులా లేచింది. చెమ్మ కొలిచే చిన్న పరికరం ఒకటి నా దగ్గర ఉంది. దాని రెండు సూదులూ గోడకి గుచ్చితే వందకి ఇంత అని అంకె చూపిస్తుంది. డెబ్బై ఒకటి చూపించింది.

నిజం చెప్పాలంటే మొదట కలిగినది విచారం కాదు, ఉత్సాహం. సమస్య అంటే నాకు అంత ఇష్టం. నోటుపుస్తకం తీశాను.

మొదటి ఊహ: గోడలో ఎక్కడో నీళ్ల గొట్టం కారుతోంది. పరీక్షించాలంటే ఇంటికి నీళ్లు పూర్తిగా కట్టేసి రెండు రోజులు చూడాలి. కట్టేశాను. నా భార్య రెండు బిందెలు పట్టుకుని పక్కింటికి తిరిగింది. మూడో రోజున పరికరం డెబ్బై రెండు చూపించింది.

"గొట్టం కాదని తేలింది," అన్నాను.

"ఆ ముక్క తేల్చుకోడానికి నాకు మూడు చెరువుల నీళ్లు తాగించారు," అంది తను. "మేస్త్రిని పిలిచి అడగొచ్చుగా?"

"అడిగాను. వాళ్ల నాన్న పేరు చెప్పాడు."

రెండో ఊహ: బయటి నుంచి వాన. మూడు వారాలుగా చినుకు లేదు. అయినా పరీక్ష పరీక్షే కాబట్టి పెరటి వైపు గోడకి గంటసేపు నీళ్లు కొట్టి చూశాను. లోపలి అంకె కదల్లేదు. మూడో ఊహ: మా ఊపిరిలోని, మా వంటలోని ఆవిరి చల్లటి గోడ మీద నీరవుతోంది. మరక మీద ఒక ప్లాస్టిక్ కాగితం పరిచి నాలుగు అంచులూ అంటించాను. తడి కాగితానికి గది వైపు పడితే ఆవిరి. గోడ వైపు పడితే గోడలోని నీరు. రెండు రోజుల తర్వాత గోడ వైపు బొట్లు కట్టి ఉన్నాయి. ఈలోగా ఆ గదిలోకి ఎవరూ రాకూడదు, కిటికీలు తెరవకూడదు, అక్కడే తాళ్ల మీద ఆరేసిన బట్టలు తీసేయాలి. తీసిన బట్టలు మా మంచం మీద పడ్డాయి. మేమిద్దరం ఆ తడిబట్టల అంచున కూర్చుని టీ తాగాం.

రోజూ సాయంత్రం అయిదింటికి అక్కయ్య ఫోను. చిన్నప్పుడు ప్రతిదానికీ ఎందుకు, ఎందుకు అని ప్రాణం తీసేవాణ్ణని నాకు ఆమె పెట్టిన పేరు ఇంకా పోలేదు.

"ఒరేయ్ ఎందుకుగా, గోడ ఏమంటోంది?"

"దగ్గరికొచ్చేశాం అక్కా. మూడు కారణాలు కొట్టేశాను."

"కారణాలు కాదురా, చెమ్మ కొట్టేశావా?"

"అదే వస్తుంది."

"నాకు వచ్చే వారం గురువారం లోపల చెప్పు. వసతిగృహం వాళ్లు రెండోసారి ఉత్తరం రాశారు. సామాన్లు సర్దాలి. ఎటు సర్దుతున్నానో తెలిస్తే కదా ఏవి సర్దాలో తెలిసేది." మాటకీ మాటకీ మధ్య ఆమె ఆగి ఊపిరి తీసుకునే చప్పుడు నాకు స్పష్టంగా వినిపిస్తోంది. అది వారం కిందటి కన్నా ఎక్కువ సేపు ఉంటోంది.

ఆ చప్పుడు వల్లనే మేస్త్రి దగ్గరికి వెళ్లాను. వివేకం వల్ల అని చెప్పుకోను. ఆయన రెండు వీధుల అవతల ఒక ప్రహరీగోడ కడుతున్నాడు. నన్ను చూసి తాపీ ఆపలేదు.

"సిమెంట్ పెట్టేశారా మాస్టారూ?"

"పెట్టాను."

"ఎంత ఎత్తు?"

"అయిదడుగులు."

"అయితే చెమ్మ ఇప్పుడు అయిదున్నర దగ్గరుంటుంది."

ఆ రోజు తర్వాత నా గదిలో కాలు పెట్టకుండా, ఏ పరికరమూ లేకుండా, అర అడుగు తేడాలో చెప్పేశాడు. "మీకెలా తెలిసింది?"

"సిమెంట్ ఎక్కడ ఆగితే దాని పైకి వస్తుందండి. మూడడుగులు పెడితే మూడున్నర. పైదాకా పెడితే పైకప్పు దూలం పుచ్చుతుంది."

"ఎందుకలా?"

"అది నాకు తెలీదండి. ఎప్పుడూ అలాగే వస్తుంది."

"ఎన్ని ఇళ్లల్లో చూశారు?"

ఇటుక మీద మాలు పరుస్తూ మనసులో లెక్కపెట్టుకున్నాడు. "ఒక పాతిక ఉంటాయి. మా నాన్నవి కలిపితే ఇంకా ఎక్కువ."

పాతిక పరిశీలనలు. అన్నీ ఒకే ఫలితం. నా విద్యార్థుల్లో ఎవడైనా ఇన్ని తెచ్చి ఉంటే వాణ్ణి భుజం తట్టి పంపేవాణ్ణి. నాకు ఒళ్లు మండిపోయింది. "ఈ మాట ఆ రోజే చెప్పొచ్చుగా మేస్త్రీ!"

ఆయన మొదటిసారి పని ఆపి నా వైపు చూశాడు. వెటకారం ఏమీ లేదు ఆ చూపులో. "మీరు ఎందుకు అని అడిగారండి. పెడితే ఏమవుతుంది అని అడగలేదు."

ఇంటికి నడుస్తుంటే కారణం దానంతట అదే తెలిసివచ్చింది. పాత ఇంటి పునాదికీ గోడకీ మధ్య నీటిని ఆపే పొర ఉండదు. నేలలోని తడి ఇటుకల సన్నటి రంధ్రాల గుండా పైకి పాకుతుంది. సున్నపు పూత దాన్ని ఎప్పటికప్పుడు గాలిలోకి వదిలేస్తుంది. అడుగున పూత పొడిగా రాలుతూ ఉండేది అందుకే. గోడ కోసం అది అరిగిపోతోంది. నేను దాని మీద నీరు దాటని సిమెంటు బిగించాను. దారి మూసుకుపోయిన తడి, దారి దొరికే ఎత్తు దాకా ఎక్కింది. పదో తరగతి పాఠం ఇది. మెలకువగా ఉంటే అర నిమిషంలో చెప్పగలిగిన సంగతి.

అక్కడితో ఆగి ఉంటే అయిదు రోజులు మిగిలేవి. కాని ఊహ వేరు, రుజువు వేరు. రెండు పాత ఇటుకలు తెచ్చి, ఒకదానికి సిమెంటు, ఒకదానికి సున్నం నడుము దాకా పూసి, నీళ్లు పోసిన పళ్లెంలో నిలబెట్టాను. పళ్లెం పెట్టడానికి పొయ్యి పక్కన తప్ప చోటు లేదు.

"ఇదేమిటి?" అంది భార్య.

"ప్రయోగం. ఏది ఎంత ఎత్తుకి తడుస్తుందో చూడాలి."

"మేస్త్రి చెప్పాడుగా."

"చెప్పాడు. నేను చూడొద్దా?"

"గోడ మీద కనిపిస్తోంది కదండీ! ఇంత పెద్ద గోడ అదే పని చేసి చూపిస్తుంటే మళ్లీ ఇటుకలెందుకు?" అని చేతిలోని గిన్నె ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు అటూ ఇటూ చూసి, చివరికి నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

అయిదో రోజుకి సిమెంటు ఇటుక తలదాకా తడిసింది. సున్నం ఇటుక సగంలో ఆగింది. నేను చిన్నపిల్లాడిలా సంబరపడి, నోటుపుస్తకంలో తేదీ వేసి, కింద రెండు గీతలు గీశాను. రెండో గీత గీస్తుండగా తరవాతి ప్రశ్న తగిలింది: కారణం ఇదే అయితే ఆరడానికి ఎంత కాలం? సిమెంటంతా కొట్టేశాక కూడా ఇలాంటి గోడ నెలకి ఒక అంగుళం చొప్పున ఆరుతుంది. మా గోడ మందం పద్దెనిమిది అంగుళాలు. రెండు వైపులా ఆరుతుంది కాబట్టి సగం. తొమ్మిది నెలలు. నెలాఖరుకి ఏడు రోజులు. గురువారానికి మూడు.

ఆ మధ్యాహ్నం నేను బజారుకి వెళ్లి ఒక డబ్బా రంగు తెచ్చాను. చెమ్మ మరకలని కనిపించకుండా కప్పేసే రంగు. డబ్బా మీద ఆ మాట పెద్ద అక్షరాలతో రాసి ఉంది. మూడు నాలుగు నెలలు నిలుస్తుంది. ఈలోపు అక్కయ్య వచ్చేస్తుంది, వసతిగృహం మంచం ఇంకొకరికి పోతుంది, తర్వాత నెమ్మదిగా ఏదో ఒకటి. ఇలా ఆలోచించినది నేనే. రాయడానికి సిగ్గుగా ఉన్నా రాస్తున్నాను.

డబ్బాని పనిముట్ల వెనక పెట్టాను. గిడ్డంగిలో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి ఉన్న గదిలో ఏదైనా దాచడం తెలివితక్కువతనం. అరగంటలో అది మా ఇద్దరి మధ్య, మంచం మీద ఉంది.

"ఇది పట్టికలో లేదే," అంది.

"మధ్యలో అవసరమైంది."

"దీనివల్ల గోడ ఆరుతుందా?"

"ఆరదు."

"చెమ్మ వాసన పోతుందా?"

"కొన్నాళ్లు."

"వదినకి తెలుస్తుందా?"

తను డబ్బాని తిప్పి వెనకున్న అక్షరాలు కూడా చదివింది. గొంతు పెంచలేదు. "ఇన్నేళ్ల కాపురంలో మీతో చాలా విసిగిపోయాను. ఒక్కందుకు మాత్రం ఎప్పుడూ విసుక్కోలేదు. మీరు లేనిది ఉందని చెప్పరు. ఆ ఒక్కటీ కూడా పోతే నేను ఈ దుమ్ములో ఎవరితో ఉంటున్నట్టు?"

సాయంత్రం అయిదింటికి ఫోను మోగేదాకా ఆగలేదు. నాలుగున్నరకి నేనే చేశాను.

"ఏమిట్రా, గొంతు అలా ఉంది?"

"గోడ ఆరలేదక్కా. తొమ్మిది నెలలు పడుతుంది. అదీ రేపటి నుంచి సిమెంటంతా కొట్టేస్తే."

అవతల ఊపిరి చప్పుడు. ఒకటి, రెండు, మూడు. "తప్పు ఎవరిది?"

"నాదే. మేస్త్రి వద్దన్నాడు. నేను వినలేదు."

"తేదీ వేసి రాసి పెట్టుకో. పుట్టి అరవై రెండేళ్లయ్యాక ఈ మాట నీ నోట విన్నాను." నవ్వబోయింది, దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక మామూలుగా, వార్డులో మందు పేరు చెప్పినట్టు చెప్పింది. "సరే. గురువారం వాళ్లకి వస్తానని చెప్పేస్తాను. నువ్వేం బాధపడకు. గంటలు వినపడకుండా చెవుల్లో దూది పెట్టుకుంటాలే."

ఫోను పెట్టేసి సిమెంటు బస్తా మీద కూర్చున్నాను. నా భార్య ఎదురుగా మంచం మీద కూర్చుని ఉంది. చాలాసేపు నా వైపు కాక నా వెనక ఉన్న గోడ వైపు చూసింది.

"వదినకి ఏం కావాలి?" అంది చివరికి.

"విన్నావుగా. కింద గది. పొడి గది."

"వెనక గదే కావాలందా?"

"వెనక గది నేను కేటాయించాను."

"అదే అడుగుతున్నా. ఆవిడ అడిగిందా?" లేచి నిలబడింది. "ఆ పరికరం ఇటివ్వండి."

ముందు గది గోడకి తనే సూదులు గుచ్చింది. అడుగున ఒక జానెడు మేర ముప్పై. ఆ పైన పద్నాలుగు. ఇంకోచోట పద్నాలుగు. నాలుగు గోడలూ తిరిగింది. పద్నాలుగు, పదమూడు, పద్నాలుగు. పసుపురంగు వెలిసి, గీతలు పడి, పట్టికలో నలభై ఒకటో వరసలో ఉన్న ఆ గది ఇంట్లో అన్నిటికన్నా పొడి గది. కారణం చెప్పడానికి భౌతికశాస్త్రం అక్కర్లేదు. ఆ ఒక్క గదిని నేను ఇంకా బాగుచెయ్యలేదు.

"కాని సామానంతా ఇందులోనే ఉంది," అన్నాను నీరసంగా.

"సామానంటారా?" అంది తను. ఎన్నో వారాల తర్వాత ఆ మొహంలో వెలుగు చూశాను. "సామాను సంగతి నాకు వదిలెయ్యండి."

అక్కయ్యకి మళ్లీ ఫోను చేశాం. ఈసారి తనే మాట్లాడింది. "వదినా, ముందు గదిలో ఉంటారా? అందంగా లేదు. కిటికీ సరిగ్గా మూసుకోదు. వీధి కనిపిస్తుంది. పొడిగా మాత్రం ఉంది, నేనే కొలిచాను."

"దుమ్మో?" అంది అక్కయ్య.

భార్య ఫోను నా చెవికి ఆనించింది. ఆ ప్రశ్నకి జవాబు నా దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదు. పట్టికలో ముప్పై రెండు పనులు మిగిలి ఉన్నాయి. వాటిలో దుమ్ము లేవనిది దాదాపు ఒక్కటీ లేదు. సగం గచ్చు, సగం పైకప్పు, సగం వంటిల్లు. ఇంత దూరం వచ్చి మధ్యలో ఆపడం నాకు పంటి కింద రాయిలాంటిది.

"నువ్వొచ్చాక సుత్తి ముట్టుకోనక్కా."

"ఎన్నాళ్లు?"

"నువ్వు ఉన్నన్నాళ్లూ."

"నీకు అది చాలా కష్టం."

"అవును."

"అయితే వస్తాను," అంది.

తరవాతి ఆరు రోజులూ నేను సొంత తెలివిని సొంత ఉలితో కొట్టేశాను. నీటిని ఆపే పొడి కలిపి, కొలిచి, ప్రేమగా వేసిన సిమెంటు ఎంత గట్టిదో అప్పుడు తెలిసింది. ఇటుకల మొహాలు కూడా ఊడదీసుకుని మరీ రాలింది. ముందు గది సామాను భార్య ఆజ్ఞ ప్రకారం పైకి చేరింది, పొయ్యి మాత్రం గట్టు లేని వంటింట్లోనే నేల మీదికి చేరింది. ప్రతి పెట్టెకీ చీటీ, ప్రతి చీటీకీ అంకె. స్నానాల గదికి వడ్రంగి చేత తయారుగా ఉన్న తలుపు తెప్పించి తనే బిగింపించేసింది. నా పలకలు నేను పైకి మోశాను. వెనక గదికి మేస్త్రి వచ్చి, చెక్కిన గోడ మీద చెయ్యి ఆనించి, "ఇప్పుడే సున్నం వద్దండి. గోడని కొన్నాళ్లు ఇలాగే ఉండనివ్వండి," అన్నాడు.

"ఇప్పుడే పూస్తే ఏమవుతుంది?" అని అడిగాను.

ఆయన మెచ్చుకోలుగా తల ఊపి, సున్నం ఉప్పుని పీల్చుకుని ఏడాదిలో మళ్లీ రాలుతుందని, పద్నాలుగు ఇళ్లల్లో చూశానని చెప్పాడు. నోటుపుస్తకంలో రాసుకున్నాను.

అక్కయ్య నెలాఖరు రోజున రెండు సూట్‌కేసులతో వచ్చింది. గడప దాటి, తలుపు చట్రం పట్టుకుని ఊపిరి కూడదీసుకుని, గది నాలుగు మూలలా చూసింది. "ఆ కిటికీ ఎందుకురా అలా వంకరగా ఉంది?"

"చిత్రిక పడితే సరిపోతుంది. పది నిమిషాల పని."

"పట్టకు."

ఆ కిటికీ రోజంతా గాలికి టకటక కొట్టుకుంటుంది. పది నిమిషాల పని. చిత్రిక పట్టే పనిముట్టు మేడ గదిలో మూడో పెట్టెలో ఉంది. నా భార్య దాని తాళంచెవి ఎక్కడ పెట్టిందో తనకే తెలుసు. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాను. పగిలిన గచ్చు, వేలాడే తీగలు, సగం పూసిన దూలం నన్ను చూస్తుంటాయి, నేను వాటిని చూస్తుంటాను. ఇంతకన్నా విసుగు పుట్టించే సెలవు నేను ఎరగను.

మొన్న మధ్యాహ్నం అక్కయ్య భోంచేసి, రెండు దిళ్లు ఆనుకుని కళ్లు మూసుకుంది. నేను పక్కన కుర్చీలో కూర్చుని గడియారం చూస్తూ ఒక నిమిషం పాటు ఆమె ఊపిరి లెక్కపెట్టాను. పైకి వినపడకుండానే లెక్కపెట్టానని అనుకున్నాను.

"ఎంత వచ్చింది?" అంది కళ్లు తెరవకుండా.

"ఇరవై మూడు."

"ఇరవై రెండు," అంది. "నేనూ లెక్కపెడుతున్నాను. ఒకటి ఎక్కువ చెప్పావు. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టు."

గడియారం ముల్లు పన్నెండు మీదికి వచ్చేదాకా ఆగి, మళ్లీ మొదలుపెట్టాను.